టీ పెట్టె తాళంచెవి

నేను చెబుతుంటే రాస్తున్నది మా సిస్టరమ్మ. సౌదీలోని దమ్మామ్‌లో ఆమె నర్సు, నేను ఆమె ఇంట్లో వంటమనిషిని. నాకు సంతకం వరకే వచ్చు. ఆమె ఫోన్‌లో నవల రాస్తుంది, రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండు దొరసాని ప్రేమకథ. నేను బెండకాయలు తరుగుతుంటే చదివి వినిపిస్తుంది.

ఆ దొరసానికి మొగుడు పోయాడు. ఏడాది నల్లబట్టలు కట్టింది. తర్వాత బూడిదరంగు, ఆపైన లేత ఊదా. ఊదా కట్టిందంటే ఇక పెళ్లిమాట ఎత్తవచ్చునట. ఇక్కడ బయటికెళితే అందరికీ ఒళ్లంతా కప్పే నల్ల అబాయాలే, నాకూ మొగుడు పోయాడని ఎవరికి తెలుస్తుంది? ఒకాయనకు తెలిసింది. సిస్టరమ్మ ఊరివాడే, హఫర్ అల్ బాతిన్‌లో లారీ డ్రైవరు, భార్య పోయింది. ఇద్దరం ఇక్కడి పని మానేసి, ఇక తిరిగి రాకుండా ఎగ్జిట్ వీసా కొట్టించుకుని, మన దేశం వెళ్లి పెళ్లి చేసుకుందామని కబురంపాడు. శుక్రవారం వస్తాడు, జవాబు చెప్పాలి.

ఆ వారమంతా నాకు కాలు ఒకచోట నిలవలేదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. పాలు పొంగబెట్టాను.

గురువారం సిస్టరమ్మ కొత్త భాగం చదివింది. ఆ కాలంలో టీ ఆకు చాలా ప్రియమట. పనివాళ్లు తీయకుండా చిన్న పెట్టెలో పెట్టి తాళం వేసేవారట. తాళంచెవి దొరసాని దగ్గరే.

"పెళ్లయ్యాక?" అన్నాను.

"అప్పుడూ ఆమె దగ్గరే అక్కా. కాకపోతే అప్పటి చట్టంలో పెట్టె, టీ, డబ్బు అన్నీ మొగుడివే."

"మరెందుకమ్మా చేసుకోడం?"

"ప్రేమక్కా!"

"ఆ ప్రేమ తాళంచెవి ఎవరికిత్తాదో ముందు అడిగి రాయి."

నా మొగుడు చెడ్డవాడు కాదు. కొట్టలేదు, తాగలేదు. కాని పంచదార, టీపొడి ట్రంకుపెట్టెలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. చుట్టాలొచ్చినా ఆయన నిద్ర లేచేదాకా పొయ్యి ముందు కూర్చోవాలి. ఆయన పోయినప్పుడు ఆ తాళంచెవి విప్పింది నేనే. ఏడుస్తూనే విప్పాను. ఇప్పుడు ఈ వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో నన్నే అడుగుతారు.

శుక్రవారం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తలకు నూనె. సిస్టరమ్మ పక్కనే కూర్చుంది.

"మీరూ కూర్చోండి. అలా నిలబడితే నాకు బెదురుగా ఉందండి," అన్నాడు.

"కూర్చోబుద్ధి కావట్లేదు. ఒకటి చెప్పండి. మీ ఆవిడున్నప్పుడు ఇంట్లో తాళంచెవులు ఎవరి దగ్గరుండేవి?"

తెల్లబోయాడు. "నా దగ్గరేనండి. ఆవిడ ఎప్పుడూ అడగలేదండి."

"అడగరు," అన్నాను.

చేతిలో టీ కప్పు బల్లమీద పెట్టాడు. అబద్ధమాడి ఉంటే వద్దనడం నాకు తేలికయ్యేది.

"మీరు అడిగారు కదండి. మీ దగ్గరే ఉంచుకోండి."

సోఫాలో కూర్చుని ఎవరైనా అంటారు. అయినా వద్దనడానికి నోరు రాలేదు. "ఇప్పుడే ఎగ్జిట్ కొట్టించను. పని మానను. మళ్లీ శుక్రవారం రండి."

"మళ్లీ ఇదే అడుగుతారాండి?"

"అడుగుతాను. విసుగైతే రాకండి."

"అయ్యో అక్కా, వచ్చే భాగంలో పెళ్లి రాసేశాను!" అంది సిస్టరమ్మ.

"కొట్టెయ్యి. ఊదా బట్టలు కట్టించి ఉంచు, చాలు."

లారీ చప్పుడు దూరమయ్యేదాకా కిటికీ దగ్గరే ఉన్నాను. తర్వాత ఆయన తాగిన కప్పు కడిగాను. మళ్లీ కడిగాను.