పెళ్ళిలో బామ్మ కుర్చీ

సోమవారం పొద్దున్న ఏడు దాటగానే బాంగ్ హేసుక్‌కి రేటింగు తెలుస్తుంది. అది తెలిసేదాకా ఆమెకి కాఫీ గొంతు దిగదు. శని, ఆదివారాల్లో దేశంలో ఎన్ని ఇళ్ళవాళ్ళు అన్నం గిన్నెలు ముందు పెట్టుకుని ఆమె రాసిన సీరియల్ చూశారో చెప్పే అంకె అది. అంకె బాగుంటే ఆ వారమంతా ఆమె గొప్ప రచయిత్రి. బాగుండకపోతే వెన్నునొప్పి, మణికట్టు నొప్పి, ఛానెల్ వాళ్ళ ఫోన్లు అన్నీ కట్టకట్టుకుని వస్తాయి.

సోల్ పక్కనున్న మా ఇల్సాన్‌లో ఆమె పేరు తెలియని ఆడమనిషి లేదు. బ్యూటీ పార్లర్లో జుట్టుకి రింగులు చుట్టించుకుని కూర్చున్నవాళ్ళు ఆమె కథల్లోని కోడళ్ళని సొంత కోడళ్ళకన్నా ఎక్కువ తిడతారు. "బాంగ్ హేసుక్ చేతిలో పడ్డాక ఎవరు బతికి బట్టకట్టారు?" అని నవ్వుకుంటారు కూడా. అందులో అబద్ధమేమీ లేదు. రేటింగు పడినప్పుడల్లా కథలో ఒకరిని చంపడం ఆమెకి చేయి తిరిగిన వైద్యం. ఒకరికి కాన్సరు, ఒకరికి లారీ, ఒకరికి గుండె. ఆ మందు ఎప్పుడూ పనిచేసింది. పనిచేసింది కాబట్టే సరస్సు కనిపించే ఈ పెద్ద ఫ్లాటు ఆమెదయింది.

మొదట్లో ఇవేవీ లేవు. ముఖో రేవులో స్క్విడ్లు ఎండబెట్టి అమ్మే ఇంటి పిల్ల. రాజధాని సోల్‌కి వచ్చి, ఒక పెద్ద రచయిత్రి దగ్గర అసిస్టెంటుగా ఏళ్ళ తరబడి బియ్యం కడిగి, ఆవిడ చెప్పింది టైపు చేసి, ఆవిడకి తోచనప్పుడు తనకి తోచింది ఊరికే ఇచ్చేసి, చివరికెలాగో సొంత పేరుతో ఒక సీరియల్ సంపాదించుకుంది. నటులంతా పొడవాటి బల్ల చుట్టూ కూర్చుని స్క్రిప్టు పైకి చదివే రోజు వచ్చింది. రెండు ఎపిసోడ్లు చదివేసరికి డైరెక్టరు కాగితాలు బల్ల మీద పడేశాడు.

"ఈ మాటలు నోటికి రావడం లేదమ్మా. ఎవరింట్లో మాట్లాడుకుంటారిలా?"

హీరో మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు. అప్పుడు బల్ల చివర్నుంచి ఒకావిడ, ఎవరూ అడగకుండానే, తన వంతు చెప్పడం మొదలుపెట్టింది. కాగితం చూడలేదు. ప్యో ఓక్రాన్. ఆ కథలో మూడు సీన్లున్న తల్లి. చెప్పడం పూర్తయ్యేసరికి ఎదుటి కుర్చీలో అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది.

"మా అమ్మ ఆఖరున అచ్చం ఇలాగే మాట్లాడింది" అంది ఓక్రాన్. "ఇందులో ఒక్క ముక్క మార్చినా నేను చెయ్యను."

మూడు సీన్ల మనిషి అలా బెదిరిస్తే నవ్వాలి. ఎవరూ నవ్వలేదు. మాటలు అలాగే ఉన్నాయి, సీరియల్ ఆడింది, హేసుక్ నిలబడింది. ఆ తర్వాత ఓక్రాన్‌కి వేషం లేకుండా ఆమె ఒక్క కథా రాయలేదు. రుణం తీర్చుకుంటున్నాననే అనుకుంది. కాకపోతే ఇచ్చిన వేషాలన్నీ మధ్యలో పోయేవే.

ఈ సంగతి ఓక్రానే ఎత్తి చూపింది. కిందటేడు వేసవిలో, కొత్త సీరియల్ మొదలవకముందు, ఇద్దరూ చల్లని నూడుల్స్ తింటున్నారు. ఆవిడకి అప్పటికి డెబ్భై ఎనిమిదేళ్ళు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు.

"అమ్మాయ్, ఒకటి అడుగుతా, నవ్వకూడదు."

"అడగండమ్మా."

"యాభై ఏళ్ళ నుంచీ చస్తున్నానే నేను. కూతురి పెళ్ళికి ముందు చచ్చాను, కొడుకు పెళ్ళికి ముందు చచ్చాను. ఒకసారైతే పెళ్ళికి వెళ్తూ దారిలో చచ్చాను. అది నువ్వు రాసిందే. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టే యోగం ఒక్కసారీ పట్టలేదు. ఈసారి నన్ను పెళ్ళి దాకా ఉంచు."

హేసుక్ నవ్వింది. తన గిన్నెలోని గుడ్డు ముక్క తీసి ఆవిడ గిన్నెలో వేసింది. "ఈ బామ్మకి ఈగ వాలనివ్వను. ఆఖరి ఎపిసోడులో మనవరాలి పెళ్ళి. ముందు వరసలో మీ కుర్చీ. నాదీ పూచీ."

ఓక్రాన్ ఆ మాట నమ్మింది. నమ్మి ఊరుకోకుండా గ్వాంగ్‌జాంగ్ బజారుకి పోయి, పెళ్ళి సీనుకని సొంత డబ్బుతో లేత పచ్చ రంగు హన్‌బోక్, పెళ్ళిళ్ళకి వేసుకునే సంప్రదాయ దుస్తులు, కుట్టించుకుంది. అద్దె బట్టలు చంకల్లో పట్టేస్తాయట. షూటింగు ఉన్న ప్రతి రోజూ దాన్ని గుడ్డలో మూటకట్టి వ్యానులో వెంట తెచ్చుకునేది. ఎందుకమ్మా ఇప్పుడే అంటే, మీ స్క్రిప్టులు ఏ పూట వస్తాయో ఎవరికి తెలుసు అనేది.

అదీ నిజమే. కథ సగం దాటేసరికి రాత వెనకబడి, షూటింగు ముందుకి వచ్చేస్తుంది. అప్పుడిక ఎపిసోడు మొత్తం పంపే తీరిక ఉండదు. ఏ పూట తీసే సీను ఆ పూటే రెండు మూడు కాగితాలుగా అందరి ఫోన్లకీ పోతుంది. ముక్క స్క్రిప్టులంటారు వాటిని. నటులు మేకప్ వేయించుకుంటూనే మాటలు బట్టీ పడతారు.

సీరియల్ ఎముకల సూపు అమ్మే హోటల్ కుటుంబం కథ. గల్లాపెట్టె దగ్గర కూర్చుని అందరినీ ఓ మాటనే బామ్మ ఓక్రాన్. ముప్ఫై ఎపిసోడ్ల దాకా బానే నడిచింది. అప్పుడు పక్క ఛానెల్లో ఏదో వంటల పోటీ మొదలై అంకె జారడం మొదలుపెట్టింది. మూడో సోమవారం ఈ సీరియల్ డైరెక్టరు, అందరూ నామ్ పీడీ అని పిలిచే మనిషి, హేసుక్ రాసుకునే గదికి వచ్చాడు. బూట్లు విప్పుతూనే విషయం తేల్చేశాడు.

"రైటర్ గారూ, ఎవరో ఒకరు పోవాలండీ."

"ఎవరు?"

"మీ ఇష్టం. తాతగారు మాత్రం వద్దు. ఆయన ఆరోగ్య పానీయం ప్రకటనలో ఉన్నాడు, కంపెనీ ఒప్పుకోదు. పసివాడి జోలికి పోతే జనం మన ఇంటిమీదికొస్తారు. పెద్ద కోడలికి వెనకాల పెద్ద ఏజెన్సీ ఉంది."

మిగిలింది ఎవరో ఇద్దరికీ తెలుసు. ఓక్రాన్‌కి ప్రకటన లేదు, ఏజెన్సీ లేదు, ఇలా ఎందుకు చేశారని ఫోన్ చేసి గొడవపడే కొడుకూ లేడు. హేసుక్ ఆవిణ్ణి ఎంచుకున్నది అందుకే. కథకి అది అవసరమని ఆ తర్వాత తనకి తానే ఎన్నో రకాలుగా చెప్పుకుంది గానీ, ఆ క్షణాన ఆమె బుర్రలో ఉన్నది కథ కాదు. ఈ మనిషిని చంపితే ఎవరూ ఏమీ అనరు అన్నదొక్కటే.

పెద్ద నటుల్ని కథలోంచి తీసేసేటప్పుడు రాసేవాళ్ళు ముందుగా ఫోన్ చేసి చెప్పుకోవడం మర్యాద. హేసుక్ ఆ మర్యాద ఎన్నడూ తప్పలేదు. ఈసారి మాత్రం ఫోన్ చేతిలోకి తీసుకోవడం, పక్కన పెట్టడం. భోంచేశాక చేద్దాం. సీను పూర్తయ్యాక చేద్దాం. ఇప్పుడు పడుకుని ఉంటుందేమో. అలా బుధవారం గడిచిపోయింది. గురువారం పొద్దున్న, బామ్మ గల్లాపెట్టె మీద తలవాల్చి కన్నుమూసే సీను, దాని వెనకే చావింటి సీను, అందరి ఫోన్లకీ ఒకేసారి పోయాయి. ఓక్రాన్ ఫోన్‌కి కూడా.

సాయంత్రం నామ్ పీడీ ఫోన్ చేశాడు. "అయిపోయిందండీ. ఒకే టేకు. కెమెరా కుర్రాడు కూడా ఏడ్చాడు."

"ఆవిడ ఏమన్నా అందా?"

"ఏమీ అనలేదు. మేకప్ కుర్చీలో కూర్చుని చదువుకుంది. 'ఇవాళేనా?' అంది. అంతే. చావింట్లో పెట్టే పటానికి ఫోటో కూడా అక్కడే తీసేశాం."

హేసుక్ గుండె మీది బరువు కాస్త దిగినట్టనిపించింది. ఆ హాయి ఆదివారం దాకా ఉంది.

ఆదివారం తన గదిలో, అసిస్టెంటు యూరిమ్‌తో కలిసి టీవీ ముందు కూర్చుంది. చావింటి సీను వచ్చింది. తెల్ల చామంతుల మధ్య, నల్ల రిబ్బను కట్టిన పటంలో ఓక్రాన్ నవ్వుతోంది. లేత పచ్చ హన్‌బోక్‌లో ఉంది. ఛాతీ మీద ముడి ఎంతో జాగ్రత్తగా, పెళ్ళికి కట్టుకున్నట్టు కట్టుకుంది. మూట విప్పి, అదే వేసుకుని వెళ్ళి కెమెరా ముందు కూర్చుందన్నమాట. ఇక వేసుకునే రోజు రాదని తెలిసి వేసుకుంది.

"అబ్బ, ఎంత అందంగా ఉన్నారు బామ్మ" అంటూ యూరిమ్ ముక్కు చీదుకుంది. హేసుక్ టీవీ వైపు చూడలేకపోయింది. ఇన్నేళ్ళలో ఎందరిని చంపిందో లెక్కలేదు, నిజంగా ఒక మనిషిని చంపినట్టు అనిపించడం మాత్రం అదే మొదటిసారి.

మర్నాడు అంకె ఆకాశానికి ఎగిరింది. ఛానెల్ వాళ్ళు బియ్యప్పిండి కేకులు పంపారు. యూరిమ్ గదంతా గెంతింది. హేసుక్‌కి ఆ రోజు కూడా కాఫీ దిగలేదు.

వారం తిరక్కుండా బేరిపళ్ళ పెట్టె పట్టుకుని బుల్‌గ్వాంగ్‌దోంగ్‌లో ఓక్రాన్ ఇంటికి వెళ్ళింది. మెట్లెక్కుతుంటే తిట్టించుకోవాలనే కోరుకుంది. తలుపు తీసింది పక్కింటావిడ. ఇద్దరూ నేల మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నారట. టీవీ పక్కన ఆ ఫోటో ఉంది. రిబ్బను లేదు. పక్కింటావిడ ఆ సీరియల్ చూడని మనిషేమో, అతిథికి మర్యాదగా చూపించింది.

"చూశారా, మా అక్క ఎంత బాగుందో. సీరియల్లో మనవరాలి పెళ్ళికి దిగిందట."

ఓక్రాన్ తల ఎత్తకుండా వెల్లుల్లి ఒలుస్తూనే ఉంది. పక్కింటావిడ వెళ్ళాక అంది, "ఎలాగూ ఈ వయసులో చావుకి ఒక పటం సిద్ధంగా ఉంచుకోవాలిగా. సెట్టు సామాను చూసే ప్రాపర్టీ వాళ్ళని అడిగి తెచ్చుకున్నా. మంచి లైటింగులో తీశారు."

"అమ్మా, తప్పు చేశాను. ఆఖరి ఎపిసోడులో మిమ్మల్ని తీసుకొస్తాను. పెళ్ళికూతురికి బామ్మ కనిపించినట్టు రాస్తా. ముందు వరసలో, ఇదే హన్‌బోక్‌లో. జనం కూడా సంతోషిస్తారు."

"వద్దు."

"ఎందుకమ్మా?"

"బాగా చచ్చిపోయానే నేను. ఇన్నేళ్ళలో అంత బాగా ఎప్పుడూ చావలేదు. నీ మనసు కుదుటపడ్డానికి నన్ను లేపి కూర్చోబెడతావా?" గొంతు పెంచలేదు. వెల్లుల్లి పొట్టు ఒళ్ళోంచి దులుపుకుంది. "నువ్వు చంపినందుకు కాదు. చంపడం నీ పని, చావడం నా పని. ఒక్క ఫోన్ చెయ్యలేకపోయావు చూడు, అదీ."

హేసుక్ ఏడ్చింది. ఓక్రాన్ ఓదార్చలేదు. ఒక బేరిపండు కోసి, ముక్క ఫోర్కుకి గుచ్చి చేతికిచ్చింది. ఆ ముక్క తినడానికి హేసుక్‌కి చాలాసేపు పట్టింది.

చివరి వారం వచ్చింది. పెళ్ళి సీను రాయడం అయ్యాక, ఎవరికీ పంపకముందు, హేసుక్ ఓక్రాన్‌కి ఫోన్ చేసింది.

"అమ్మా, పెళ్ళి సీను. మీరు లేరు. ముందుగా మీకే చెబుతున్నా."

"చదువు."

మొత్తం చదివింది. అయ్యాక ఓక్రాన్ అడిగింది, "ముందు వరసలో నా కుర్చీలో ఎవరు?"

"ఎవరూ లేరమ్మా. ఖాళీగా ఉంచాను. మీదిగా."

"పిచ్చిదానా, పెళ్ళిలో ఖాళీ కుర్చీ ఏం బాగుంటుంది? ఎవరినైనా కూర్చోబెట్టు. బామ్మకి చెల్లెలుందని రాయి. బొంగ్‌నే గుర్తుందా, చూ బొంగ్‌నే? ఎన్నేళ్ళయిందో దానికి వేషం దొరికి. దాన్ని పిలువు. వెంటనే ఫోన్ చెయ్యి, పొద్దున్న షూటింగు పెట్టుకుని అప్పుడు చెబితే జుట్టుకి రంగేసుకునే టైముండదు."

తన కుర్చీ తానే ఇంకొకరికి ఇచ్చేసింది ఆవిడ. దానికన్నా నాలుగు తిట్లు తిట్టినా హేసుక్‌కి తేలికగా ఉండేది. ఓక్రాన్ చెప్పిన నంబరుకి ఫోన్ చేసింది. ఒక్క రింగుకే ఎత్తారు.

"చూ బొంగ్‌నే గారేనా? నేను రైటర్ బాంగ్ హేసుక్‌ని. మా సీరియల్లో మీకొక వేషం ఉందమ్మా."

అవతల ముసలి గొంతు ఎంతో వినయంగా అడిగింది.

"అలాగేనండీ రైటర్ గారూ. ఎన్నో సీనులో చచ్చిపోతాను?"



"చచ్చిపోరమ్మా" అంది హేసుక్. "పెళ్ళి సీను. ముందు వరసలో కూర్చుంటారు. చప్పట్లు కొట్టాలి."

"అంతేనా?" అంది బొంగ్‌నే, నమ్మకం కుదరక.