మైకులో దూరిన పందులు

ఎనిమిదో తరగతిలో బడిని నేనే వదిలేశాను. నలభై దాటాక ఆట నన్ను వదిలేసింది. మొదటిదానికి మా నాన్న ఏడ్చాడు, రెండోదానికి నేను ఏడ్చాను.

ఆట పేరు పెటాంక్. మట్టి నేల మీద గుండ్రంగా గీసిన గీత లోపల నిలబడి ఒక చిన్న కర్ర గోళీని ముందుకు విసురుతారు. అరచెయ్యి నిండే ఇనుప బంతిని దానికి ఎవరు దగ్గరగా చేరిస్తే వాళ్లకు పాయింటు. ముందుగా పదమూడు తెచ్చుకున్నవాళ్లదే గెలుపు. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్లు వదిలిపోయిన వీధుల పేర్లు నా నోటికి తిరగవు గాని, వాళ్లు వదిలిపోయిన ఈ ఆట మాత్రం చేతికి తిరిగింది. జట్టులో ఒకడు బంతిని మెల్లగా గోళీ దగ్గరికి చేరుస్తాడు. ఇంకొకడు అవతలివాడు చేర్చిన బంతిని కొట్టి ఎగరగొడతాడు. నేను కొట్టేవాణ్ణి. ఇరవై ఏళ్లపాటు పగలు రెడ్డియార్‌పాళయంలో జనం బండ్లు బాగుచేశాను, సాయంత్రాలు జనం ఆట పాడుచేశాను.

తరవాత కుడి భుజం పట్టేసింది. ఇంక విసరొద్దని డాక్టరు చెప్పేశాడు.

"భుజం పోతే పోయిందిలే అబ్బా, నోరు బాగుంది గదా!" అంది నా భార్య. వెటకారానికే అంది. నేను మాత్రం దాన్ని డాక్టరు చీటీలాగా జాగ్రత్తగా దాచుకున్నాను.

ఆ రోజుల్లో ఊరికే కూర్చుని టీవీలో గోల్ఫ్ చూసేవాణ్ణి. గోల్ఫ్ నాకు తెలియదు. పచ్చిక మీద అంత చిన్న బంతి కోసం అంత దూరం నడవడం ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు. కానీ వ్యాఖ్యానం చెప్పే పెద్దమనిషి నచ్చాడు. స్కాట్లాండు వాడట, తాను ఆడినన్నాళ్లు ఆడి మైకు పట్టుకున్నాడట. ఆయన ఇంగ్లీషులో నాకు సగం అందేది కాదు. అందిన సగంలో ఒకటి గమనించాను. ఆటగాడు ఇంకా కర్ర ఎత్తకముందే 'ఇది ఎడమకు పోతుంది' అనేవాడు. పోయేది. ఎన్నిసార్లు తాను ఎడమకు కొట్టి ఉంటే అంత కచ్చితంగా చెప్పగలడు! తప్పులు కొట్టడంలో నేనేం తక్కువ తిన్నానా అనుకున్నాను.

అవకాశం స్కూటరు రూపంలో షాపుకు వచ్చింది. దాని యజమాని యానాం నుంచి బదిలీ అయి వచ్చి లాస్‌పేటలో ఉంటున్న అధికారి. నేను తెలుగులో మాట్లాడడం విని ఆశ్చర్యపోయాడు. ఆయన చెప్పిందేమిటంటే, యానాం జట్టు మొదటిసారి పుదుచ్చేరికి ఆడడానికి వస్తోంది. ఆటను యానాంలోని జనం ఫోన్లలో చూస్తారు. తెలుగులో చెప్పేవాడు కావాలి.

"మైకు పట్టుకుంటారా?" అన్నాడు.

"పట్టుకునేదేంది సార్, పట్టుకుంటే వదల్ను."

"ముందు ఒక్క ఆటకు చూద్దామండి. బాగుంటే ఇకమీద అన్నీ మీవే. లేకపోతే మా తెలుగు లెక్చరర్ గారు సిద్ధంగా ఉన్నారు."

ఆ ఒక్క ఆట దక్కకపోతే నాకు ఆ మైదానంలో ఇంక చూసేవాళ్ల బెంచీయే గతి. ఇరవై ఏళ్లు గీత లోపల నిలబడినవాడికి బెంచీ ముళ్లకంప.

ఇక్కడ నా తెలుగు సంగతి చెప్పాలి. మా పెద్దలు ఎన్నో తరాల కిందటే ఇక్కడ స్థిరపడ్డారు. తెలుగు మా ఇంట్లో నోటి మాట మాత్రమే. నేను చదివిన కాస్తా అరవంలో. తెలుగు అక్షరం తెలియదు. బంతిని మేము అరవంలోలాగే 'పందు' అంటాం. ఒకటైతే పందు, నాలుగైతే పందులు. బురదలో పొర్లే జంతువును 'పన్ని' అంటాం గనక మా ఇంట్లో ఎన్నడూ తికమక రాలేదు.

ఆట వైట్ టౌన్‌లో, చెట్ల నీడన. ఇటు నా పాత జోడీ, ఇంకొకడు. అటు యానాం వాళ్లిద్దరు. నేను గొంతు సవరించుకున్నాను.

"అందరికీ నమస్కారం! ఒక్కొక్కరి చేతికి మూడు పందులు. మొత్తం పన్నెండు పందులు. అన్నీ బాగా తుడిచి మెరిసేటట్టు పెట్టినారు. చూడండి, యానాం అన్న తన పందుల్ని ఎంత ముద్దుగా నిమురుతా ఉండాడో!"

పక్కన కూర్చున్న అధికారి ఫోనులో సందేశాలు జోరుగా పడుతున్నాయి. నా ప్రతిభే అనుకుని ఇంకా రెచ్చిపోయాను. ఆయన గబగబా ఒక చీటీ రాసి నా ముందు పెట్టాడు.

"సార్ చీటీ ఇచ్చినారు. నాకు తెలుగు చదవను రాదు. నోటితో చెప్పండి సార్!" అన్నాను మైకులోనే.

ఆయన నా చెవిలో గుసగుసలాడుతున్నాననుకున్నాడు. "బంతులండీ బాబూ! పందులంటే వరాహాలు!" మైకుకు నా చెవి కంటే వినికిడి ఎక్కువ. యానాం మొత్తానికి వినిపించింది.

తరవాత మైకును చేత్తో మూసి నెమ్మదిగా అన్నాడు: "ఇంకొక్కసారి ఆ మాట వస్తే లెక్చరర్ గారిని పిలుస్తాను. ఏమీ అనుకోకండి."

నేను మైకు వదిలి వెనక్కి తిరిగాను. వెనక బెంచీ మీద మా క్లబ్బు పెద్దాయన ఉన్నాడు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. సంగతేమిటని అరవంలో అడిగాడు. చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వాడు.

"తంబీ, ఆ కర్ర గోళీని ఏమంటాం?"

"కొషొనే."

"ఫ్రెంచిలో దానికి పంది పిల్ల అని అర్థం. నీకు తెలీదా?"

ఇరవై ఏళ్లు ఆ మాట నోట్లో నానింది, అర్థం తెలియలేదు! వెంటనే మైకు అందుకున్నాను.

"యానాం పెద్దలారా, తప్పు నాదే. కాకపోతే ఆ చిన్న గోళీ పేరుకు ఫ్రెంచిలో పంది పిల్ల అని అర్థమంట. పిల్ల ఉన్న చోటికి పెద్దవి రాక యాడికి పోతాయి? ఇంక బంతులనే అంటాను. సార్ పక్కనే ఉండారు."

అధికారి నవ్వాడు. కానీ చెయ్యి మైకు తీగ మీదనే ఉంచాడు. నవ్వించినంత మాత్రాన మైకు నాదైపోదని అప్పుడే తెలిసింది.

ఆట పన్నెండు, పన్నెండుకు వచ్చింది. మా వాళ్ల బంతి గోళీని ఆనుకుని కూర్చుంది, చేతుల్లో ఇంకేమీ లేవు. యానాం వాళ్లకు చివరి బంతి ఉంది. గోళీకి దాని తరవాత దగ్గరున్నది వాళ్ల బంతే గనక, మా బంతిని ఎగరగొడితే గెలుపు వాళ్లది. కొట్టేవాడు గీత లోపలికి వచ్చాడు. అంతకు ముందు రెండు సార్లూ అతని మోచెయ్యి బయటికి తెరుచుకోవడం చూశాను. భుజం నొప్పి మొదలైన ఏడాది నాది కూడా అలాగే తెరుచుకునేది. చూసేవాళ్లంతా యానాం జనం. వాళ్ల మనిషి తప్పుతాడని వాళ్లకే చెప్పడం ప్రమాదం. ఆగి, చెప్పేశాను.

"ఆయన మోచెయ్యి బయటికి పోతా ఉంది. ఈ బంతి కుడిపక్కన జానెడు దూరంలో పడుతుంది."

బంతి లేచింది. కుడిపక్కన, జానెడు దూరంలో దుమ్ము రేగింది.

అధికారి తీగ మీదినుంచి చెయ్యి తీశాడు. "మీకెలా తెలిసిందండీ?"

"అదే తప్పు నేను ఏడాది పొడుగునా కొట్టినాను సార్."

కాసేపటికి ఆ ఆటగాడే ఫోను చెవికి పెట్టుకుని వచ్చాడు. ఇంటి నుంచి ఎవరో చెప్పేసినట్టున్నారు. "ఏంటండీ, నేను ఇసరకముందే నా బంతి పడేసేరంట మీరు! మోచెయ్యి ఎలా పెట్టాలో ఓసారి చూపించండి గురువుగారూ" అన్నాడు. ఎడమ చేత్తో చూపించాను.

అధికారి పక్కన నిలబడి అంతా చూసి, "వచ్చే నెల యానాంలో ఆట. మీరే రావాలండి. కాకపోతే జట్ల పట్టిక తెలుగులో ఉంటుంది, మీరే చదవాలి" అన్నాడు.

"నెల ఉంది గదా సార్!"

అక్షరాలు నేర్పింది ఆ లెక్చరర్ గారే. నా మూలంగా మైకు పోయినందుకు ఆయన గుణింతాలతో కసి తీర్చుకున్నాడు. నెల తిరిగేసరికి యానాంలో నిలబడి పట్టికలోని పేర్లన్నీ తప్పులేకుండా చదివాను. ఒకాయన ఇంటిపేరులో మాత్రం ఒకదాని కింద ఒకటి ఒత్తులు కనిపించాయి. "అన్నా, ఇది మీదే గదా, మీరే చెప్పుకోండి" అని మైకు ఆయన నోటి దగ్గర పెట్టాను.