పాస్టరుగారి గొంతు పోయిన వారం

మా ఆయన పుంగనూరులో పాస్టరుగా ఉండేవారు. కుప్పం సంఘానికి బదిలీ అయింది. ఊళ్లో మాకు మిగిలింది ఆ ఒక్క వారమే. సోమవారం పొద్దున కాఫీ చేతికిస్తే ఒక గుక్క తాగి పెదాలు కదిలించారు. శబ్దం రాలేదు. చక్కెర వెయ్యలేదని చెబుతున్నారని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది.

ముందురోజు సాయంత్రం ఒకరింట్లో కృతజ్ఞతా కూడిక. కరెంటు పోయింది, మైకు ఆగిపోయింది. ఈయన మాత్రం ఆగలేదు. వీధి చివరివాళ్లకు కూడా వినబడాలని గొంతు చించుకున్నారు.

సంగతి తెలిసి ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ వైద్యులే. తమలపాకు రసం, మిరియాల కషాయం, తేనె. ఒకామె ఆయన మెడకు నూనె రాసి గట్టిగా ప్రార్థన కూడా చేసింది. ఇల్లు సర్దుకోవాలా, వీళ్లకు కాఫీలు కాచాలా?

మరునాడు మదనపల్లెలో ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పెట్టి ల్యారింగోస్కోపీ చేశారు. తెర మీద ఒకవైపు ఎర్రగా కనిపించింది.

"వోకల్ కార్డ్ మీద, అంటే స్వరతంత్రి మీద, బ్లీడింగ్ అయింది. కంప్లీట్ వాయిస్ రెస్ట్. మళ్లీ స్ట్రెయిన్ అయితే స్కార్, అంటే మచ్చ, పడుతుంది. అప్పుడు గొంతు ఎప్పటికీ ఇలాగే ఉండిపోవచ్చు" అన్నారు డాక్టరు.

ప్రసంగం, పాట, ప్రార్థన తప్ప మా ఆయనకు వేరే పని రాదు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. బదిలీ అయిన పాస్టరు వెళ్లేలోపు ఇంటింటికీ వెళ్లి ప్రార్థన చెయ్యాలి, వాళ్లు పెట్టింది తినాలి. సంఘపెద్ద మునిరత్నం అన్నకు పరిస్థితి అంతా చెప్పాను. ఊరికే వచ్చి కూర్చుని పొమ్మన్నాడు. మంచి మాటే.

మొదటి ఇల్లు ఎస్తేరమ్మది. మోకాళ్ల నొప్పులతో గడప దాటలేని ముసలామె. ఆమె చెయ్యి పట్టుకునేసరికి ఈయన మనసు ఆగలేదు. చెవి దగ్గర వంగి గుసగుసగా ప్రార్థన చేశారు. ఇది గొంతు కాదు, గాలే కదా అని నాకు సైగ చేశారు. నేనూ నిజమే అనుకున్నాను.

అంతే, ఆ కబురు మాకంటే ముందే పక్కింటికి చేరింది. ఆ ఇంటామె తలుపు దగ్గరే నిలబడింది.

"ఆయమ్మకు చేసి మాకు యాల చెయ్యరమ్మా? మేమేం తప్పు చేసినాం?"

ఇక ప్రతి ఇంట్లో గుసగుస ప్రార్థనే. ఒకరింట్లో బిడ్డ పరీక్షకు, ఒకరింట్లో కొత్త ఆటోకు, ఇంకొకరింట్లో పాలివ్వని ఆవుకు. కాదంటే అలక. శుక్రవారానికి ఆ గుసగుస కూడా రాలేదు, మింగితే నొప్పి. మళ్లీ మదనపల్లె, మళ్లీ గొట్టం. ఎరుపు ఇంకా పెరిగింది.

"గుసగుస కూడా మాటే సార్. దాంతో కూడా కార్డ్స్ స్ట్రెయిన్ అవుతాయి" అని డాక్టరు విసుక్కున్నారు. ఆయన విసుగు ఒక లెక్కా, నా విసుగు ముందు!

తిరుగు బస్సులో మా ఆయన ఫోన్‌లో టైపు చేసి చూపించారు: "మాట పోతే నేనెవరికి పనికొస్తాను?" నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. శనివారం ఎవరినీ గడప దాటనివ్వలేదు. పాస్టరమ్మకు పొగరన్నారు. అననీ అనుకున్నాను.

ఆదివారం వీడ్కోలు. శాలువాలు, ఉపన్యాసాలు అయ్యాక మునిరత్నం అన్న లేచాడు.

"అయ్యా, ఆశీర్వాదం ఒకటి చెప్పేయండి సాలు. నిమిషం పని."

ఈయన లేచి నోరు తెరవబోయారు. ఆడవాళ్ల వైపు నుంచి నేను లేచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఆయన చెప్పరు. ఇన్నేళ్లు ప్రతి ఆదివారం ఆరాధన చివర విన్నారు కదా, మీకు నోటికొచ్చు. ఆయన చేతులెత్తుతారు. మీరే చెప్పండి."

అప్పుడు ఎస్తేరమ్మ, ఎవరో ఆటోలో తీసుకొస్తే వెనక కుర్చీలో కూర్చున్న మనిషి, ఆశీర్వాదం మొదలుపెట్టింది. ఒక్కొక్కరే కలిశారు. అందరూ ఆయన వైపే చేతులు చాచి, ఇన్నేళ్లు ఆయన తమకు చెప్పిన మాటలను తిరిగి ఆయనకే చెప్పారు. మా ఆయన ఏడ్చారు, శబ్దం రాకుండా. ఆ వారంలో డాక్టరు మాట ఆయన పూర్తిగా విన్నది అప్పుడొక్కసారే.

కుప్పం వచ్చాక కూడా కొన్ని వారాలు మాట లేదు. తర్వాత డాక్టరుకు చూపిస్తే ఎరుపు పోయిందన్నారు, నెమ్మదిగా మాట్లాడనిచ్చారు. గొంతులో కొంచెం బొంగురు మిగిలింది, పై స్వరాలు అందవు. మునిరత్నం అన్న ఫోన్ చేసి "అయ్యగారి గొంతు ఒకసారి ఇనిపించమ్మా" అంటే ఇస్తాను, నిమిషం అయ్యాక లాక్కుంటాను.

మీ ఇంట్లో గొంతుతో బతికేవాళ్లుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. డాక్టరు మాట్లాడొద్దంటే గుసగుస కూడా వద్దు. రోగి మొహమాటపడతాడు కాబట్టి తలుపు దగ్గర మీరు నిలబడి ఆ సంగతి చెప్పండి. వచ్చినవాళ్లకు కోపం వస్తుంది. మా ఎస్తేరమ్మ పక్కింటామెకూ వచ్చింది. నిన్న ఆమే ఫోన్ చేసి, అయ్యగారు మాట్లాడుతుండాడా అని అడిగింది.