తలగుడ్డకు చిక్కిన ముల్లు

గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది నేను సౌదీలోని యాన్బులో పైపుల లీకులు సరిచేసేవాణ్ని. పనికి సైకిల్ మీద వెళ్లేవాణ్ని. ఒకే వారంలో ముందు చక్రం రెండుసార్లు పంక్చరైంది. ఇంకోసారి ఆలస్యమైతే ఇండియాకు పంపించేస్తానన్నాడు ఫోర్‌మన్. మర్నాడే దారిలో మళ్లీ గాలి పోయింది.

ట్యూబుకు ప్యాచ్ వేస్తుంటే ఒక సౌదీ పెద్దాయన పికప్ ఆపి దిగాడు.

"ఏం పని చేస్తావు?" అన్నాడు, పనివాళ్ల దగ్గర నేర్చుకున్న హిందీలో.

"పైపుల లీకులు ఆపుతాను."

ఆయన పగలబడి నవ్వాడు. "మరి ఇది?" అని ట్యూబు చూపించాడు.

"గీయనకు నా తిప్పలేం ఎరుక" అని తెలుగులో గొణుక్కున్నాను.

ఆయన తలమీది తెల్లటి గుడ్డ తీసి, టైరు లోపల చుట్టూ తుడిచాడు. అంత గౌరవంగా కట్టుకునే గుడ్డను అలా వాడతాడని నేను ఊహించలేదు. ఒకచోట గుడ్డ చిక్కుకుంది. అక్కడ తుమ్మముల్లు విరిగి ఉంది. ఇన్నాళ్లూ ట్యూబు అతికించి, ముల్లును లోపలే ఉంచానన్నమాట!

ముల్లు పీకి, ఆయనే నన్నూ సైకిల్‌నూ పికప్‌లో ఎక్కించుకుని వేళకు గేటు దగ్గర దింపాడు. మరకల గుడ్డ తలకు చుట్టుకుంటూ నా పేరు అడిగాడు. చెప్పాను.

"మంచిది. ఈ మరకలు ఎవరి పనని ఇంట్లో అడుగుతారు కదా!"