పుస్తకంలో వాన

నవలలో వాన మొదలైతే నేనిప్పుడు ఒక్క పేజీ కూడా దాటెయ్యను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఒక కరువు ఏడు, కడప నుంచి కర్నూలు పోయే బస్సులో పాత నవల చదువుతూ నేను వాన పేజీలు తిప్పేస్తుంటే పక్కసీటులోని నడివయసావిడ కనిపెట్టేసింది.

"ఏమప్పా, అట్ల తిప్పేస్తాండావు? పాత నవలలు నేను సదివేదే వానల కోసరం. కొత్తవాట్లో అందరూ గదుల్లో కూచోని మాట్లాడతాంటారు, ఒక్క చినుకు పడదు."

పుస్తకం తీసుకుని ఆ వానంతా పైకి చదవసాగింది.

ముందు సీటులో కునుకు తీస్తున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు. "యాడమ్మా వాన?"

"పుస్తకంలో పెద్దాయనా."

ఆయన కిటికీలోంచి బీడు చేలను చూసి నవ్వేశాడు. "ఆడన్నా పడనీలే తల్లీ. ఆపొద్దు, సదువు."

కర్నూలు బస్టాండు వచ్చేదాకా మా బస్సులో వాన వెలవలేదు.