మల్లమ్మ ముందు తిన్న సినిమా

నిన్న మధ్యాహ్నం పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటు గేటు పక్కన, తోటపని చేసే ఆమె చెట్టు నీడలో కూర్చుని క్యారియర్ మూత తీసింది. గోంగూర పచ్చడి వాసన గుప్పుమంది. ఇంటికి వెళ్తున్నవాణ్ణి కాసేపు ఆగిపోయాను. వసుంధర గారు గుర్తొచ్చారు.

డెబ్బైల మొదట్లో నేను బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో గుమస్తాను. ఆదివారాలు మా క్లబ్బులో సినిమాలు వేయించే బాధ్యత నాదే. వసుంధర గారు విజయవాడ వైపు నుంచి వచ్చారు. ఆడవాళ్ళు కెమెరా వెనక నిలబడితే జనం వింతగా చూసే రోజులవి. తన మొదటి సినిమాను మా ఫ్యాక్టరీ దగ్గరే తీశారు. చిన్న కథ. ఒక కార్మికుడి భార్య పొయ్యి రాజేసి, వండి, క్యారియర్ కట్టి, బండరాళ్ళ మధ్య నడిచి వచ్చి, గేటు దగ్గర మగడికి అన్నం పెడుతుంది. అది మొదటి రీలు. రెండో రీలులో ఆమె ఒక బండ మీద ఒంటరిగా కూర్చుని, తీరిగ్గా తింటుంది. ఆ వేషం వేసింది నిజంగానే మా కార్మికుడి భార్య, మల్లమ్మ.

ఇంకా పేర్లు వేయని ఆ సినిమాను ముందుగా మా క్లబ్బులోనే చూపించారు. పత్రికల్లో సమీక్షలు రాసే ఒక పెద్దాయన వచ్చారు. నచ్చితే ఆమె రెండో సినిమాకు డబ్బు పెడతానన్న నిర్మాత కూడా వచ్చాడు. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి దీపాలార్పాం. తెర మీద మొదటే, బండ మీద అన్నం కలుపుకుంటున్న మల్లమ్మ కనిపించింది. ప్రొజెక్టర్ నడిపే అతను రెండో రీలును ముందు ఎక్కించాడు.

నేను కంగారుగా లేచి, "ఆపించమంటారా అండీ?" అని అడిగాను. వసుంధర గారు కూర్చోమని సైగ చేశారు. "ఎలాగూ మొదలైంది కదండీ. చూద్దాం."

సినిమా అయ్యాక పెద్దాయన గొంతు సవరించుకున్నారు. "ఫొటోగ్రఫీ బాగుంది. కానీ అమ్మాయ్, మగడికి పెట్టకుండా ముందు తానే తినే ఇల్లాలిని నువ్వెక్కడ చూశావు? ఆ పిల్ల మీద జాలి కలిగితేగా?"

వెనక బెంచీలోంచి మల్లమ్మ నవ్వింది. "ఏంది సారూ గట్లంటరు? పొద్దుగాల లేచి నీళ్ళు మోసుడు, వండుడు, గింత దూరం నడుసుడు నాది. ఆకలి నాకు గాకుంటే ఎవలికైతది?"

పక్కనున్న భర్త ఆమెవైపు అనుమానంగా చూశాడు. "అంటే రోజూ తినే వస్తున్నవా ఏంది?"

"లే. ఇగ రేపటి సంది తిని వస్త."

హాలంతా నవ్వులు. వసుంధర గారు మాత్రం నవ్వలేదు. మల్లమ్మనే చూస్తూ ఉండిపోయారు.

టీ తాగేటప్పుడు రీళ్ళ సంగతి విని నిర్మాత ఊపిరి పీల్చుకున్నాడు. "అదే అనుకున్నా. వరస సరిచేసి పంపండమ్మా, మిగతాది మాట్లాడుకుందాం."

"లేదండి. ఇలాగే ఉంచుతాను."

"తొందరపడకండి. ఆలోచించుకోండి."

"ఆలోచించే చెబుతున్నానండి. ఆమె చివర్లోనే తినాలని నేనెందుకనుకున్నానో, ఇవాళ్టిదాకా నన్ను నేను అడగలేదు."

అతను ఖాళీ కప్పు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. రెండో సినిమా తీయడానికి ఆమెకు ఏళ్ళు పట్టింది. పెద్దాయన తన సమీక్షలో ఇంటి పద్ధతులు తెలియని సినిమా అని రాశారు. ఆమె ఆ పత్రిక నాకు చూపించి, "ఫొటోగ్రఫీ బాగుందన్నారు, చూశారా" అన్నారు. గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే సంతోషించారు.

ఈమధ్య గచ్చిబౌలిలో ఆమె తొలి సినిమాల మీద సభ జరిగితే వెళ్ళాను. పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి ఆ మొదటి దృశ్యం గురించే చాలాసేపు మాట్లాడింది. దర్శకురాలు ముందే ఆలోచించి పెట్టుకున్న ధిక్కారమని అంది. సభ అయ్యాక పక్కకు పిలిచి జరిగింది చెప్పాను. ఆ అమ్మాయి "అయితే ఇంకా బాగుందండీ" అంది.

ఆ ఆదివారం కింద నా డైరీలో 'రీళ్ళు తారుమారు' అని మాత్రమే ఉంది. ఆ రోజు ఇంటికి చేరేసరికి బాగా పొద్దుపోయింది. నా భార్య ఎప్పటిలాగే తినకుండా నాకోసం కూర్చుని ఉంది. "రేపటి నుంచి ఆకలైనప్పుడు తినెయ్" అన్నాను. "ఏం, సినిమాలో చెప్పారా?" అంది. నమ్మడానికి ఆమెకు చాలా కాలమే పట్టింది.

నిన్న గోంగూర వాసన దగ్గర ఆగి, ఆలస్యంగా ఇల్లు చేరాను. నా భార్య కంచం కడిగి బోర్లించి ఉంది. నా కంచం, మూతపెట్టిన గిన్నెలు బల్ల మీద ఉన్నాయి. లోపలి గదిలో ఆమె నిద్రపోతోంది. చప్పుడు కాకుండా వడ్డించుకుని కూర్చున్నాను.