ఆప్టికల్ ఐసోమర్లు, నా కొత్త చెప్పులు

మొన్న డెమో క్లాసుకు పోయి నా పరువు నేనే ఎట్ల తీసుకున్ననో చెప్త, చాయ్ తాగుకుంట వినుండ్రి.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయినంక ఏడాది సంది ఇంట్లనే ఖాళీగ ఉన్న. దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక ఎంసెట్ కోచింగ్ సెంటర్‌కు అప్లై చేస్తే, శుక్రవారం డెమో అన్నరు. తీరా బుధవారం పొద్దుగాల్నే ఫోన్. రేపట్నుంచి తెలంగాణ బంద్ అంట, ఇయ్యాల్నే రమ్మన్నరు. టాపిక్ ఐసోమరిజం.

నేనూ మా అక్కా పోయిన వారమే ఒకటే రకం చెప్పులు కొన్నం. రంగు ఒకటే, సైజు ఒకటే. ఫోన్ చెవికాడ పెట్టుకొనే, కాలికి తగిలినయి తొడుక్కొని తుర్కయంజాల్‌ల బస్సెక్కిన.

ఎల్బీనగర్ చౌరస్తాల రాస్తారోకో. డప్పులు, జెండాలు. బస్సు కదల్తలేదు. నేను గూడ రెండుసార్లు జై తెలంగాణ అని, దిగి నడుసుడు మొదలువెట్టిన. కొత్తపేట వచ్చేసరికి కుడికాలు ఒకటే నొప్పి. ఎడమది హాయిగనే ఉన్నది. కొత్త చెప్పులు గదా, కరుస్తున్నయేమో అనుకున్న.

కుంటుకుంట క్లాసులకు పోయిన. వెనక బెంచీల డైరెక్టర్ గారు కూసున్నరు, గుంటూరు దిక్కాయన. మొదట్ల బాగనే నడిచింది. అవే ఆటమ్స్ అయినా అమరిక మారితే పదార్థమే మారిపోతదని చెప్పిన. మందు సీసాల ఉండే ఆల్కహాల్‌కు, ఒక ఈథర్‌కు ఫార్ములా ఒకటే అంటే పిల్లలు నవ్విండ్రు గూడ.

తర్వాత ఆప్టికల్ ఐసోమర్లు. ఒకటి ఇంకోదానికి అద్దంల బొమ్మ లెక్కుంటది గని, దాని మీద సరిగ్గ కూసోదు, మన రెండు చేతుల తీరు అన్న. ముందు బెంచీ పిల్ల దండం పెట్టినట్టు రెండు అరచేతులు కలిపి, కూసున్నయి గదా మేడం అన్నది.

ఇంక లాభం లేదని రెండు చెప్పులూ విప్పి చేతుల పట్టుకున్న. ముందు బెంచీ మొత్తం వెనక్కి జరిగింది. డైరెక్టర్ గారు సగం లేచిండ్రు.

"ఏమ్మా, పిల్లలేమన్నా అన్నారా?"

"లేదు సార్, ఎగ్జాంపుల్" అన్న. పిల్లల దిక్కు తిరిగి, ఇవి ఒకదాని మీద ఒకటి చస్తే కూసోవు, చూడుండ్రని పెట్టిన.

అచ్చు గుద్దినట్టు కూసున్నయి. వేలు మీద వేలు, మడమ మీద మడమ. ఎత్తి మళ్ల పెట్టిన. మళ్ల కూసున్నయి. అప్పుడు చూసిన, రెండూ ఎడమకాలివే.

"అంటే మేడం, ఇవి ఐసోమర్లు కావా?" అన్నది ఆ పిల్ల.

"కావమ్మా. వీటి ఐసోమర్లు మా ఇంట్ల ఉన్నయి."

క్లాసంత పగలబడి నవ్వింది. డైరెక్టర్ గారు కళ్లద్దాలు తీసి కండ్లు తుడుసుకున్నరు. "ఈ పాఠం వీళ్లు జన్మలో మర్చిపోరమ్మా. బంద్ అయిపోగానే జాయినైపోండి" అన్నరు.

ఉద్యోగమొచ్చిందని చెప్దామని ఉరికొస్తే, అక్క ఎడమకాలికి పసుపు పట్టేసుకొని మంచం మీద కూసున్నది. ఇంట్ల మిగిలిన చెప్పులు తొడుక్కొని కిరాణా దుకాణం దాంక పోయొచ్చిందట, కాలు బెణికింది, దవాఖానకు పోదామన్నది.

ఆమె చదివింది బీకాం, మాఫ్ చెయ్యొచ్చు. నాకే మాఫీ లేదు.